ఉప్పుగాలిలో చిన్న హెలికాప్టర్

ఆదివారం సాయంత్రం. నెల్లూరుకు పాతిక కిలోమీటర్ల దూరంలోని మైపాడు బీచి. అలల హోరును మించి 'జుయ్యి'మని ఒకటే శబ్దం. మూరెడు పొడవున్న హెలికాప్టర్ గాల్లో గింగిరాలు కొడుతుంటే చుట్టూ పిల్లలు, ఆ పిల్లల వెనక పెద్దలు. రిమోటు పట్టుకున్న పెద్దాయన దాన్ని మెల్లగా కిందికి దించాడు. పక్కనున్న కొడుకు రెండో బ్యాటరీ అందించాడు.

"నాయనా, ఇంకొక్కసారి!"

ఆయన బ్యాటరీ తీసుకోలేదు. రెక్కను వేలితో నెమ్మదిగా తిప్పి, చెవి దగ్గర పెట్టుకున్నాడు. "విను... గరగరలాడడంలా? ఈ పూటకి చాల్లే. ఇంటికి పోదాం" అన్నాడు. అబ్బాయి మొహం చిన్నబోయింది. కానీ ఆ 'గరగర' వెనక ఉన్న లెక్క తెలిస్తే నాన్న చేసిందే రైటంటాడు.

రెక్క వేగం ఎంత?

ఇలాంటి మధ్యరకం మోడల్ హెలికాప్టర్లో రెక్కలు గీసే వలయం వ్యాసం సుమారు 70 సెంటీమీటర్లు. నిమిషానికి 2,500 సార్లు తిరిగితే రెక్క కొస గంటకు 330 కిలోమీటర్ల వేగంతో పోతున్నట్టే! ముప్ఫై గ్రాముల రెక్క ఆ వేగంలో తన మొదట్లో ఉన్న బోల్టును దాదాపు నలభై కిలోల బరువు వేలాడదీసినంత బలంగా బయటికి లాగుతుంది. అంత బలాన్నీ మోసేది లోపలున్న సన్నని ఇరుసు, శనగగింజంత బేరింగులు. వాటిలో ఒక్కటి విరిగినా రెక్క ఎటు దూసుకుపోతుందో ఎవరూ చెప్పలేరు. చుట్టూ నిలబడింది పిల్లలు. అందుకే ఇది బొమ్మే అయినా, దాని సంరక్షణ మాత్రం ఆట కాదు.

సముద్రం చేసే చెడుపు

ఊళ్లో మైదానంలో ఎగరేసేవారికి లేని బెడద తీరంలో ఎగరేసేవారికి ఉంటుంది. అదే ఉప్పు. అలల తుంపర్లు గాలిలో ఆరిపోయాక మిగిలే ఉప్పు కంటికి కనిపించకుండా యంత్రం మీద పేరుకుంటుంది. గాలిలో తేమ 75 శాతం దాటితే ఆ ఉప్పే నీటిని పీల్చుకుని మళ్లీ తడవుతుంది. అంటే హెలికాప్టర్ ఇంట్లో బీరువా మీద ఉన్నా తుప్పు పని ఆగదన్నమాట. ఈశాన్య రుతుపవనాల కాలంలో ఈ బాధ మరీ ఎక్కువ.

రెండోది ఇసుక. తీరపు ఇసుకలో నల్లని ఖనిజ రేణువులు కలిసి ఉంటాయి. వీటిలో కొన్నింటిని అయస్కాంతం ఇట్టే లాక్కుంటుంది. మోటారులో ఉన్నది బలమైన అయస్కాంతాలే! ఒక్కసారి ఇసుక మీద దించితే చాలు, ఆ రేణువులు లోపల చేరి తీగచుట్టలను గీకుతుంటాయి. అందుకే అనుభవజ్ఞులు చాపో, చెక్కపలకో పరిచి దాని మీదే ఎక్కించి దించుతారు.

ఇంటికొచ్చాక పదిహేను నిమిషాలు

మొదట బ్యాటరీ తీసేయాలి. మెత్తని బ్రష్‌తో దుమ్ము దులపాలి. మంచినీటితో తడిపి గట్టిగా పిండిన గుడ్డతో ఫ్రేమూ రెక్కలూ తుడిచి, వెంటనే పొడిగుడ్డతో ఆరబెట్టాలి. ఎలక్ట్రానిక్ భాగాలకు తడి తగలనివ్వకూడదు. ఉక్కు ఇరుసులకు పల్చగా నూనె పూస్తే తుప్పు పట్టదు. పళ్లచక్రాలకు మాత్రం నూనె వద్దు. అది ఇసుకను పిలిచి మరీ అంటించుకుంటుంది.

తర్వాత చేతి పరీక్ష. రెక్కల మొదలు పట్టుకుని పైకీ కిందికీ కదిపి చూడాలి. మోతాదుకు మించి వదులుంటే బేరింగులో, రబ్బరు డాంపర్లో అరిగినట్టు. తోకకు బెల్టు ఉంటే బిగువు చూడాలి. రెక్క అంచున చిన్న పగులు కనిపించినా ఆ జతను పక్కన పెట్టాల్సిందే. కొత్తది ఒక్కటే వేస్తే రెండింటి బరువూ కలవదు. హెలికాప్టర్ కింద పడితే, రెక్కలు తగిలించే ఇరుసును విప్పి అద్దం పలక మీద దొర్లించి చూడాలి. తడబడిందంటే వంగిపోయినట్టే.

ఇనుముకు ఇనుము బిగిసేచోట స్క్రూలు అదురుకు వదులవుతాయి. వాటికి నీలిరంగు లాకు ద్రవం ఒక్క చుక్క చాలు. ప్లాస్టిక్‌లో బిగించే స్క్రూలకు మాత్రం అది వాడకూడదు. ప్లాస్టిక్ పెళుసెక్కి పగులుతుంది. బల్ల మీద సరిచూసేటప్పుడు మోటారు తీగలు విప్పేయడం మరవొద్దు. పొరపాటున తిరిగితే వేళ్లు దక్కవు.

బ్యాటరీతో జాగ్రత్త

లిథియం పాలిమర్ బ్యాటరీ నిండినప్పుడు ఒక్కో సెల్ 4.2 వోల్టులు చూపిస్తుంది. నిండా చార్జి చేసి వారమంతా అలాగే ఉంచితే ఆయుష్షు తగ్గుతుంది. వచ్చే ఆదివారం దాకా దాచాలంటే 3.8 వోల్టుల దగ్గర ఉంచడం మేలు. ఉబ్బిన బ్యాటరీని ఇక వాడకూడదు. ఇంట్లో అందరూ నిద్రపోయాక చార్జింగుకు పెట్టడం, మే నెల ఎండలో మూసిన కారులో వదిలేయడం నిప్పుతో చెలగాటమే.

ఒక నోటు పుస్తకం

వారం వారం ఎగరేసే హెలికాప్టర్‌కు ఎన్నిసార్లు ఎగిరిందో రాసుకునే పుస్తకం ఉండాలి. మనుషులు ఎక్కే అసలు హెలికాప్టర్లకూ ఎగిరిన గంటల లెక్కనే భాగాలు మారుస్తారు. పాడైనాక కాదు, పాడవకముందే! మోడల్‌తో వచ్చే పుస్తకంలో ఏది ఎప్పుడు మార్చాలో ఉంటుంది. ఉప్పుగాలిలో అంతకన్నా ముందే చూసుకోవడం క్షేమం.

అసలు చెయ్యి తగిలే వీలే లేని హెలికాప్టర్ కూడా ఒకటుంది. నాసా అంగారకుడి మీదికి పంపిన 1.8 కిలోల 'ఇన్‌జెన్యుటీ'. అయిదుసార్లు ఎగిరితే చాలనుకున్నారు. 2021 ఏప్రిల్ నుంచి 2024 జనవరి దాకా 72 సార్లు ఎగిరింది. ఎగిరే ముందు రెక్కల కోణం మార్చే సర్వో మోటార్లను అటూ ఇటూ కదిలించి పరీక్షించేవారు. ఆఖరికి దాన్ని ఆపింది కూడా రెక్క దెబ్బతినడమే.

ఈ పాఠం సరదా కోసం ఎగరేసేవారికే కాదు. జపాన్‌లో యమహా సంస్థ 1987లోనే ఆర్-50 అనే రిమోటు హెలికాప్టర్‌ను పొలాల్లో మందు చల్లడానికి తెచ్చింది. మన దగ్గర 2023లో మొదలైన 'నమో డ్రోన్ దీదీ' పథకంతో ఆ పని మహిళా సంఘాల చేతికీ వచ్చింది. పొలం పని ముగిశాక ట్యాంకూ గొట్టాలూ కడగకపోతే మందే యంత్రాన్ని తినేస్తుంది. తీరంలో ఉప్పు చేసే పనే, పొలంలో పురుగుమందు చేస్తుంది.

మరొక్క మాట. ఎగరేసే ముందు డిజిటల్ స్కై మ్యాపులో ఆ చోటు ఏ రంగులో ఉందో చూడాలి. 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం ఎర్రరంగు ప్రాంతంలో కేంద్రం అనుమతి లేకుండా ఎగరేయకూడదు. రాకెట్లు ఎగిరే శ్రీహరికోట, ఓడలు ఆగే కృష్ణపట్నం ఉన్న తీరమిది!

ఇక మన అబ్బాయి సంగతి. ఆ రాత్రి తండ్రీకొడుకులు బల్ల ముందు కూర్చుని రెక్క విప్పారు. బేరింగు బయటికొచ్చింది. ఒక పక్క ఎర్రగా తుప్పు. అబ్బాయి కాసేపు దాన్ని వేళ్ల మధ్య తిప్పి చూశాడు. తర్వాత నోటు పుస్తకం తెరిచి తేదీ వేశాడు.