కట్టె కాలబెట్టి యూరియాకు లైన్ కడుతున్నాం

కోపం తెచ్చుకోకుండా చదవండి.

పత్తి అయిపోగానే మనం చేసే పని ఏంది? కట్టె పీకి, కుప్పేసి అగ్గి పెడతాం. తెల్లారేసరికి బూడిద. వానాకాలం రాగానే 45 కిలోల యూరియా బస్తా కోసం చెప్పులు లైన్లో పెడతాం. నేలకు పోవాల్సిన కర్బనాన్ని పొగ చేసి, నేల సచ్చిపోయిందని ఏడిస్తే ఎట్లా?

అదే కట్టెను గుంతలో పొరలు పొరలుగా వేసి కాల్చండి. బూడిద కాకముందే నీళ్లు కొట్టి ఆర్పండి. ఆ బొగ్గే బయోచార్. ఎవరి దగ్గరా బస్తాలు కొనే పని లేదు.

మొదటిసారి నేను ఉత్త బొగ్గునే వంకాయ మడిలో చల్లిన. మొక్కలు పసుపెక్కినయ్. ఆకలి మీదున్న బొగ్గు నేలలోని నత్రజనిని తనే పట్టుకుంటది. తప్పు నాదే. ఇప్పుడు బొగ్గును నలగ్గొట్టి, మాగిన పశువుల ఎరువు, అజోస్పైరిల్లం, ఫాస్ఫోబాక్టీరియా కలిపి, నీడలో తడి ఆరకుండా రెండు మూడు వారాలు ఉంచి వేస్తున్న. బొగ్గులోని సన్న రంధ్రాలే ఆ సూక్ష్మజీవులకు ఇల్లు. నిరుడు ఎండలకు పక్క మడి వాడిపోయినా, ఈ మడి నిలబడ్డది. కాయ గిడసబారలేదు.

జీవన ఎరువులను యూరియా, డీఏపీతో కలపొద్దు. చౌడు నేలలో బొగ్గు వేయొద్దు, దానికి క్షారగుణం ఉంటది. ముందు మట్టి పరీక్ష చేయించండి.

యూరియా రేపే బంద్ చేయమంటలేను. ఈసారి కట్టెకు అగ్గిపుల్ల గీసే ముందు ఒక్క గుంత తవ్వండి. ఒక్క మడిలో వేసి చూడండి. అప్పుడు నన్ను తిట్టండి.