పాత చందమామ వెల

నంద్యాల నుండి ఆళ్లగడ్డకు పోవు బాటలో శిరివెళ్ల కలదు. ఆ యూరిలో ఏ మట్టిమిద్దె యింటి అటకపైననో, ఏ పాఠశాల బీరువా అడుగుననో చందమామ సంచికల కట్ట యొకటి బయటపడినదనుకొనుడు. పై సంచికకు అట్ట లేదు. మొదటి పుటపై సిరాతో ఒక పేరు, తరగతి, వాని క్రింద ‘శిరివెళ్ల, కర్నూలు జిల్లా’ అని వ్రాసి యున్నది. లోపలి బొమ్మలో రాకుమారునికి ఎవరో పెన్సిలుతో మీసములు దిద్దినారు. దీని వెల యెంత?

పాత కాగితముల వర్తకుడు తక్కెడలో వేసి చెప్పును. హైదరాబాదులో ఆదివారమునాడు ఆబిడ్స్ కాలిబాటపై పుస్తకములు పరచువాడు అట్ట లేనందుకు కొంత, రాతలున్నందుకు మరికొంత తగ్గించి చెప్పును. మూడవ వెల యొకటి కలదు. దానిని కట్టగలవారు శిరివెళ్లలోనే యున్నారు. కాని వారి నెవరును అడుగుట లేదు.

పాత బొమ్మల పుస్తకములకు వెల కట్టుట అమెరికాలో ఒక శాస్త్రమువలె పెరిగినది. సూపర్‌మాన్ తొలిసారి కనబడిన ‘యాక్షన్ కామిక్స్’ మొదటి సంచిక 1938లో పది సెంట్లకు అమ్మినారు. ఆ సంచిక ప్రతి యొకటి 2014లో 32 లక్షల డాలర్లకును, మరియొకటి 2024లో 60 లక్షల డాలర్లకును పోయినవి. 1970లో రాబర్ట్ ఓవర్‌స్ట్రీట్ అను నాతడు ధరల పట్టిక నొకదానిని ప్రకటించెను. తరువాత పుస్తకమును పరీక్షించి పదికి ఇన్ని మార్కులని నిర్ణయించి, గట్టి ప్లాస్టిక్ పలకల నడుమ మూసి యిచ్చు సంస్థలును వెలసినవి. అట్లు మూసిన పుస్తకమును చదువుటకు వీలులేదు. తెరచిన మరుక్షణము ఆ మార్కులు చెల్లవు. చదువనందుకు మార్కులు వేయు పరీక్ష యిది యొక్కటియే కాబోలు!

అయినను ఆ సంచికలు అరుదగుటకు మూలము చదువుటయే. పిల్లలు చేతులు మార్చుకొని చదివి చింపిరి. ఇంటివారు చెత్తలో వేసిరి. రెండవ ప్రపంచ యుద్ధకాలమున పాత కాగితములు పోగుచేసినపుడు మరెన్నియో పోయినవి. దీనికి విరుద్ధముగ 1992లో సూపర్‌మాన్ మరణించిన కథ వెలువడినపుడు జనులు ఎగబడి కొని, విప్పకయే దాచిరి. అందరును దాచుటచే నేడది కోరినచోట దొరకుచున్నది. చెప్పుకొనదగిన వెల లేదు.

చందమామ అచ్చముగా బొమ్మల పుస్తకము కాదు, బొమ్మలతో కూడిన కథల మాసపత్రిక. తెలుగు పిల్లలకు మాత్రము ఆ స్థానమున నిలిచిన దదియే. కడప జిల్లా పొట్టిపాడులో పుట్టిన బి. నాగిరెడ్డి, తెనాలి ప్రాంతపు చక్రపాణి కలిసి 1947 జూలైలో దానిని మదరాసునుండి వెలువరించిరి. 1952 నుండి 1980లో మరణించువరకు కొడవటిగంటి కుటుంబరావు దాని భాషను తీర్చిదిద్దెను. 2013 నాటికి అచ్చు నిలిచిపోయినది.

దీనిని మన యిండ్లలో దాచిన తీరు వేరు. అసలు దాచుట కాదు, కుట్టుట. ఏడాది సంచికలు చేరగానే అట్టలూడదీసి, ప్రకటనల పుటలు చించివేసి, దబ్బనముతో కుట్టి, మైదా జిగురుతో దళసరి అట్ట నంటించెడివారు. కొందరు ధారావాహికల పుటలను మాత్రమే వేరుచేసి కట్టించుకొనిరి. 1954లో ‘తోకచుక్క’తో మొదలిడి దాసరి సుబ్రహ్మణ్యం వ్రాసిన కథలు ఆ విధముగా ఎన్ని యిండ్లలో నిలిచినవో! వాని మీద రచయిత పేరు ఉండెడిది కాదు. బొమ్మ మూలన ‘చిత్రా’ అనియో ‘శంకర్’ అనియో చిత్రకారుని సంతకము మాత్రము కనబడెడిది. వ్రాసినవాడెవరో తెలియకయే పిల్లలు కథను కుట్టి దాచుకొనిరి.

పట్టణపు సేకర్తకు ఈ కుట్టు గుండెకోత. వడ్డాది పాపయ్య వేసిన ముఖచిత్రము పోయినది, అంచు కత్తిరింపబడినది, మార్కులు సున్న. కాని విడిసంచికలుగా వదలినచో ఏమగును? రామబాణపు పురుగు తొలుచును, చెదలు పట్టును, మిద్దె కారినపుడు తడియును, లేదా శనగల పొట్లమగును. సేకర్త దోషమని లెక్కించునట్టి కుట్టే ఆ పుస్తకమును రక్షించినది. మన పుస్తకములకు అమెరికా కొలబద్దను తెచ్చి పెట్టుట తగదు.

అట్ట లేని సంచిక యే కాలముదో గుర్తించుటకును ఆ దోషములే సాయపడును. కుట్టినవాడు చించుట మరచిన ప్రకటన యొకటి మిగిలినదా, అందలి ధర చూడవలెను. అణాలలో మాత్రమే యున్నచో అది బహుశః 1957 ఏప్రిల్‌కు ముందటిది. ఆ నెలలోనే దశాంశ నాణెములు వచ్చినవి. ‘నయాపైసలు’ అని యున్నచో అప్పటినుండి 1964 నడుమది. ఆ యేటితో ‘నయా’ అను మాట తీసివేసిరి. గణితమును చరిత్రను ఒక్క పుటలో చెప్పుటకు ఉపాధ్యాయునకు ఇంతకు మించిన సాధన మేమి కావలెను? ‘కర్నూలు జిల్లా’ అన్న రాతకును నేడు చరిత్ర కలిగినది. 2022 ఏప్రిల్ నుండి శిరివెళ్ల నంద్యాల జిల్లాలోనిది.

సేకర్తలను నిందించుట న్యాయము కాదు. వారు పోగుచేసి యుండనిచో 1947 నాటి సంచికల ఛాయాప్రతులు నేడు అంతర్జాలమున కనబడెడివి కావు. ఇపుడు ఆ కథలను శిరివెళ్ల విద్యార్థి ఫోనులోనే చదువగలడు. సరిగా ఇక్కడనే వెల మాట మరల ఆలోచింపదగియున్నది. కథ అరుదు కాదు, బొమ్మయు అరుదు కాదు. అరుదైన దేమనగా, ఆ కథ మదరాసు నుండి బయలుదేరి ఫలానా యేట శిరివెళ్లలో ఫలానా యింటికి చేరినదనుటకు సాక్ష్యము. ఒక పల్లెలో ఎవరెవరు ఏమేమి చదివిరో ఏ జనాభా లెక్కలోను లేదు. అది ఆ మొదటి పుటపై సిరాగీతలలో మాత్రమే యున్నది. ఆబిడ్స్ కాలిబాటపై ఆ గీతలు వెల తగ్గించును. శిరివెళ్లలో అవియే వెల.

చినిగిన ప్రతి కాగితమును పాఠశాల దాచుకొనజాలదని ఆక్షేపింపవచ్చును. నిజమే. బీరువాలు తక్కువ, గదులు తక్కువ. పాత పుస్తకములను తూకమునకు వేయవద్దని యెవరును శాసింపలేరు. తక్కెడ యెక్కుటకు ముందు ఒక్క మధ్యాహ్నము విద్యార్థులచే పట్టిక వ్రాయించుట మాత్రము అసాధ్యము కాదు. ఏ నెల, ఏ యేడు, ఎవరి పేరు, ఏ వీధి, పుటల అంచులందు ఏమి వ్రాసియున్నది. పేరున్న పుటను ఫోనుతో ఫోటో తీయుటకు ఖర్చు లేదు. ఊరి పేరున్న నాలుగు సంచికలను మాత్రము ఉంచుకొని, ఎండిన వసకొమ్ము నొకటి వేసి రేకుపెట్టెలో పెట్టినను చాలును. తాటాకు గ్రంథములను మన పెద్దలు కాచుకొన్నది అట్లే.

ఇందులో ఆలస్యము పనికిరానిది మరియొకటి కలదు. 1955లో పదేండ్ల వయసున ఆ పుటపై పేరు వ్రాసుకొన్న బాలునకు నేడు ఎనుబది యేండ్లు. ఆ పేరు పట్టుకొని విద్యార్థులు వీధిలోనికి పోయినచో, ఆయన ఇంకను అరుగుపై కూర్చుండి కనబడవచ్చును. సంచిక ఊరికి ఎట్లు వచ్చెడిది, చేతులు మారి ఎన్ని యిండ్లు తిరిగెడిది, రాకుమారునికి మీసములు దిద్దినదెవరు అన్నవి ఆయనయే చెప్పవలెను.