ఆకాశములో లక్కముద్ర

ఉత్తరములు చేతివ్రాతతో నడచిన కాలమున జనులు కార్డునకును కవరునకును గల భేదమును చక్కగా ఎరిగియుండిరి. నంద్యాల నుండి ఆళ్లగడ్డకు వ్రాయు కార్డులో పెండ్లి ముహూర్తము, పంట ధర, బంధువుల రాకపోకలు ఉండెడివి. అప్పు సంగతియో, జబ్బు సంగతియో, ఆలుమగల మనస్పర్థల సంగతియో వ్రాయవలసి వచ్చినచో, ఖర్చు ఎక్కువైనను కవరు కొని అంటించెడివారు. తపాలా సంచి మూతిని త్రాడుతో బిగించి, ముడిపై లక్క కరగించి ముద్ర వేసెడివారు. సంచిని మోయువాడు దొంగ యని ఎవ్వరును అనుకొనలేదు. మోయుట అతని పని. చదువుట అతని పని గాదు. ముద్రకు అర్థమంతయు ఇంతియే.

నేడు ఆ ఉత్తరములు సెల్‌ఫోనులలో పోవుచున్నవి. మోయువారు మారినారు, ధర్మము మాత్రము మారలేదు. అయితే కొన్ని చోట్ల, ముఖ్యముగా విమానములలో, ఆ ధర్మము మరుగున పడుచున్నది.

విమానయానము ఈ సీమకు దూరపు ముచ్చట గాదు. నంద్యాలకును కర్నూలునకును నడుమ ఓర్వకల్లులో 2021 మార్చిలో విమానాశ్రయము ప్రారంభింపబడినది. రేనాటి వీరుడు ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరు దానికి పెట్టబడినది. హైదరాబాదు, బెంగళూరుల మీదుగా గల్ఫు దేశములకును, అమెరికాకును పోయి వచ్చువారు ఇక్కడి పల్లెలలోను కలరు. మన దేశపు ఆకాశములో విమానమునందు ఇంటర్నెట్టు వాడుటకు 2018 డిసెంబరులో నియమములు వెలువడినవి. విమానము 3,000 మీటర్ల ఎత్తు దాటినగాని దానిని వాడరాదు. 2025 జనవరి 1 నుండి ఎయిరిండియా సంస్థ దేశములోపలి ప్రయాణములకు కూడ కొన్ని విమానములలో వైఫై సదుపాయము కల్పించినది.

ఈ వైఫై నడచు తీరు తెలిసికొనవలసినదే. విమానములోని ఫోనులన్నియు ఒక పరికరముతో ముచ్చటించును. ఆ పరికరము సందేశములను విమానపు వీపుపైనున్న ఆంటెన్నా ద్వారా ఉపగ్రహమునకు పంపును. ఉపగ్రహము వానిని భూమిపైనున్న కేంద్రమునకు దించును. కొన్ని దేశములలో ఉపగ్రహమునకు బదులు నేలమీది స్తంభములే ఆ పని చేయుచున్నవి. ఏ పద్ధతి యైనను నూటికి పైబడిన ప్రయాణికుల మాటలన్నియు ఒకే వాకిలి గుండా పోవలెను. ఆ వాకిలి కావలివాడు తలచినచో ఏమేమి చూడగలడన్నదే ప్రశ్న.

మహానంది కోనేరు చూచినవారికి దీనిని వేరుగా చెప్పనక్కరలేదు. ఆ నీటిలో నాణెము వేసినచో అడుగున పడియున్నను గట్టుమీదివానికి కనబడును. రక్షణలేని వెబ్‌సైటులో వ్రాసిన మాట అట్టిదే. నడుమనున్న ప్రతివాడును దానిని చదువగలడు. అది కార్డు. వెబ్‌సైటు చిరునామా మొదట హెచ్.టి.టి.పి.ఎస్. అను అక్షరములున్నచో అది కవరు. లోపలి మాట గూఢలిపిగా మారి పోవును. అయినను కవరుపై చిరునామా ఉన్నట్లే, ప్రయాణికుడు ఏ వెబ్‌సైటునకు పోయెనో కావలివానికి చాలవరకు తెలియుచునే యుండును. ఒకడు ఒక ఆసుపత్రి వెబ్‌సైటునో, అప్పులిచ్చు సంస్థ వెబ్‌సైటునో పదేపదే తెరచినచో లోపలి ఉత్తరము చదువకయే సగము కథ ఊహింపవచ్చును.

ఇక లక్కముద్ర. ప్రతి భద్రమైన వెబ్‌సైటునకును ఒక ధ్రువపత్రముండును. నమ్మదగిన సంస్థ యొకటి ఆ పత్రముపై సంతకము చేసియుండును. బ్రౌజరు ఆ సంతకమును పరీక్షించి, సరియైనచో ఊరకుండును, కానిచో హెచ్చరించును. 2015 జనవరిలో అమెరికాలో గోగో అను విమాన ఇంటర్నెట్టు సంస్థ వైఫైని వాడుచున్న గూగుల్ ఇంజనీరు ఒకామె యూట్యూబును తెరువబోగా ఆమెకు ఇట్టి హెచ్చరికయే కనబడినది. పరిశీలింపగా ఆ ధ్రువపత్రము గూగుల్‌ది కాదు. గోగో తానే తయారుచేసినది. అనగా సంచి మోయువాడు ఉత్తరముల వారి ముద్రను అనుకరించి తన లక్కతో మరియొక ముద్ర వేసినాడన్నమాట. ఆమె దానిని బయట పెట్టగా లోకమంతయు విస్తుపోయినది.

గోగో సంస్థ సంజాయిషీ చెప్పకపోలేదు. విమానములో లభించు ఇంటర్నెట్టు కొద్దిపాటిది. నలుగురు వీడియోలు చూచుచు కూర్చున్నచో తక్కినవారికి మిగులదు. అందువలన వీడియోలను అడ్డుటకే ఆ ఉపాయము పన్నితిమనియు, ప్రయాణికుల సమాచారమును సేకరింపలేదనియు వారు పలికిరి. ఆ మాట నిజమనియే ఒప్పుకొందురు గాక. కర్నూలు-కడప కాలువలో నీరు తక్కువైనప్పుడు లస్కరు వంతు పెట్టును, తూము దించును. అది న్యాయమే. నీరు ఎవరు ఎంత వాడుచున్నారో చూచుటకని రైతు ఇంటి తాళమునకు మారు తాళపుచెవి చేయించుకొనుట న్యాయము గాదు. వీడియోను నెమ్మది పరచుటకు, ఆపుటకు వేరు మార్గములున్నవి. మంచి పనికైనను దొంగ ముద్ర దొంగ ముద్రయే. అంతకంటె పెద్ద కీడు మరియొకటి కలదు. ఇట్టి హెచ్చరికలను దాటి పోవుట ప్రయాణికునకు అలవాటైనచో, రేపు నిజమైన దొంగ వచ్చినప్పుడు కూడ అతడు అట్లే దాటి పోవును.

నిజమైన దొంగయు వచ్చెను. 2024లో ఆస్ట్రేలియాలో, దేశములోపల తిరుగు విమానమునందు అనుమానాస్పదమైన వైఫై కనబడినదని విమాన సిబ్బంది ఫిర్యాదు చేయగా పోలీసులు ఒకనిని పట్టుకొనిరి. అతడు చిన్న పరికరమును వెంట తెచ్చి, అసలు వైఫై పేరుతోనే మారు వైఫై నడపి, చేరబోయినవారిని ఈమెయిలు రహస్యపదములను అడుగు పుటకు మళ్లించెనని అభియోగము. 2025లో అతనికి ఏడు సంవత్సరములకు పైబడిన కారాగార శిక్ష పడినది. ఇక్కడ ముద్ర పగులలేదు. దొంగ తపాలా కచేరి బోర్డు కట్టుకొని కూర్చుండగా జనులే ఉత్తరములు తెచ్చి చేతికిచ్చిరి.

ఆళ్లగడ్డ శిల్పులను తలచుకొన్నచో ఈ సంగతి బరువు తెలియును. వారు చెక్కిన విగ్రహములు పొరుగు రాష్ట్రములకును, విదేశములకును పోవుచున్నవి. బేరము ఫోనులో, కొలతలు ఫోనులో, బయానా ఫోనులో. ఒక శిల్పి కుమారుడు ఢిల్లీకి పోవుచు విమానములో బ్యాంకు పుట తెరచెననుకొందము. హెచ్చరిక వచ్చినది. ‘అయినను ముందుకు పొమ్ము’ అను మాటను నొక్కినచో, ఆరు నెలల ఉలి దెబ్బలకు వచ్చిన రొక్కము పరుల చేతిలో పడవచ్చును. పైగా సెల్‌ఫోనుకు సంకేతము లేని ఆ ఎత్తున బ్యాంకు పంపు ఓటీపీ సాధారణముగా అందదు. పని ఎట్లును నెరవేరదు. రెండు గంటలు ఆగి నేలపై దిగి చేసినచో పోవునదేమియు లేదు.

దాచవలసినది లేనివానికి భయమేల యని కొందరు పెద్దలే అందురు. ఇది చూచుటకు నీతి వలె ఉన్నను నీతి గాదు. ఉత్తరమునకు ఇద్దరు యజమానులు. కుమారుడు దాచవలసినది ఏదియు లేనివాడే కావచ్చును. అతనికి తల్లి తన రొమ్ములోని గడ్డను గూర్చి వ్రాసిన మాట ఆమెది. దానిని పరులకు చూపు హక్కు కుమారునికే లేనప్పుడు విమానపు కంపెనీకి ఎక్కడిది? 2017 ఆగస్టు 24న సుప్రీం కోర్టులో తొమ్మండుగురు న్యాయమూర్తుల ధర్మాసనము వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అని ఏకగ్రీవముగా తీర్పు చెప్పినది. ఆ వ్యాజ్యము వేసిన పుట్టస్వామి కర్ణాటక హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తి. వ్యాజ్యము వేయునాటికి ఆయన తొంబదికి చేరువగానుండిన వృద్ధుడు. ఆయన దాచవలసినది ఏదో ఉన్నదని ఆ వ్యాజ్యము వేయలేదు.

వీపీఎన్ అను సాధనము పెట్టుకొన్నచో సర్వమును భద్రమని చెప్పువారు కలరు. అది కవరును మరియొక పెద్ద కవరులో పెట్టుట వంటిది. విమానపు కావలివానికి లోపలి చిరునామా కనబడదు గాని, పెద్ద కవరు విప్పు వీపీఎన్ సంస్థకు కనబడును. నమ్మకము ఒక చేతినుండి మరియొక చేతికి మారినదే గాని పోలేదు. ఊరక వచ్చు వీపీఎన్‌లను నమ్ముటకు ముందు, వాని పోషణ ఎట్లు జరుగుచున్నదో అడుగుట మంచిది. విద్యార్థి చేయగలిగినది స్వల్పమే: సిబ్బందిని అడిగి వైఫై పేరు సరిచూచుకొనుట, హెచ్చరికను దాటకుండుట, డబ్బు పని నేలమీదికి వాయిదా వేయుట. మిగిలిన భారమంతయు సంస్థలదే. దానిని ప్రయాణికుని తెలివిపై త్రోసివేయుట ఇటీవల ఎక్కువైనది. అది సమ్మతము గాదు.

విమాన వైఫైలో చేరునప్పుడు పేరు, సీటు సంఖ్య, టికెట్టు సంఖ్య, ఈమెయిలు వంటివి అడుగు పుట యొకటి వచ్చుచుండును. 2023లో మన పార్లమెంటు డిజిటల్ వ్యక్తిగత సమాచార పరిరక్షణ చట్టమును చేసినది. 2025 నవంబరులో దాని నియమములు వెలువడినవి. అమలు దశలవారీగా జరుగవలసియున్నది. ఏ సమాచారము ఏ పనికై తీసికొనుచున్నారో ముందుగా తెలుపవలెననియు, ఆ తెలుపుడును ఇంగ్లీషులో గాని, రాజ్యాంగపు ఎనిమిదవ షెడ్యూలులోని ఏ భాషలో గాని చదువుకొను వీలు కల్పింపవలెననియు ఆ చట్టము చెప్పుచున్నది. తెలుగు ఆ షెడ్యూలులోనిదే. మనుమని చూచుటకు ఆళ్లగడ్డ నుండి మొదటిసారి విమానమెక్కిన అవ్వకు, సీటు సంఖ్య అడుగు గడి క్రింద, ఆ సంఖ్య ఎవరికి పోవునో, ఎన్ని దినములు నిలువయుండునో తెలుపు రెండు వాక్యములు తెలుగులో వ్రాయుటకు ఆ పుటలో చోటు చాలకపోదు.