మన రాళ్ళే కదా!

గత నెలలో నా పూర్వవిద్యార్థి ఒకడు ఇంటికి వచ్చాడు. కొడుకు లండన్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. దంపతులిద్దరూ మూడు వారాలు అక్కడ గడపడానికి బయలుదేరుతున్నారు. "మాస్టారూ, మీరు రెండుసార్లు వెళ్ళొచ్చారు గదా, ఏమేం చూడాలో చెప్పండి" అంటూ కొడుకు పంపిన జాబితా నా చేతిలో పెట్టాడు. థేమ్స్ ఒడ్డున తిరిగే పెద్ద చక్రం, మైనపు బొమ్మలు, రాజసౌధం ముందు కావలివారు మారే వేడుక, టవర్ కోటలోని కిరీటాలు, ఎత్తితే లేచే వంతెన, ఎర్ర బస్సు. ఇలా పది అంశాలు. చాలావాటి పక్కన టికెట్టు ధర.

నేను కలం తీసుకొని అడుగున రెండు చేర్చాను. ఒకటి, బ్రిటిష్ మ్యూజియంలో అమరావతి శిల్పాల గది. రెండు, కెన్సల్ గ్రీన్ శ్మశానవాటికలో సి.పి. బ్రౌన్ సమాధి. చదివి నవ్వాడు. "అంత దూరం పోయి చూడాలా మాస్టారూ? మన రాళ్ళే కదా!" అన్నాడు.

ఆ పిల్లవాణ్ణి (యాభై దాటినవాణ్ణి పిల్లవాడనడం మా వృత్తిలో దోషం కాదు) నేనేమీ అనలేదు. కాఫీ ఇచ్చి సాగనంపాను. కాని ఆ మాట నన్ను వదలలేదు. అది వాడొక్కడి మాట కాదు. విదేశయాత్ర చేసి వచ్చి యాత్రాకథనాలు రాసేవారిలో చాలామంది మనసులోని మాట అదే. పైకి అనరు, అంతే తేడా.

ముందుగా నా నేరం ఒప్పుకుంటాను. 2014 వేసవిలో మొదటిసారి లండన్ వెళ్ళినప్పుడు నేనూ జాబితా పట్టుకొని తిరిగినవాణ్ణే. చక్రం ఎక్కాను. మైనపు బొమ్మ భుజం మీద చెయ్యి వేసి ఫొటో దిగాను. బ్రిటిష్ మ్యూజియంలోకీ వెళ్ళాను. రోసెట్టా శిల, ఈజిప్టు మమ్మీలు చూసి గంటన్నరలో బయటపడ్డాను. అప్పటికి ముప్పై ఏళ్ళుగా తెలుగు చెబుతున్నాను. భాషాచరిత్ర ప్రస్తావన వచ్చిన ప్రతిసారీ నల్లబల్ల మీద 'నాగబు' అని రాసి, "అమరావతి రాతి మీద వేటూరి ప్రభాకరశాస్త్రిగారు గుర్తించిన తొలి తెలుగు మాట ఇది" అని పిల్లలకు వల్లె వేయించినవాణ్ణి. ఆ అమరావతి రాళ్ళు కొన్ని అదే కప్పు కింద ఉన్నాయన్న ధ్యాసే నాకు కలగలేదు. 2023లో రెండోసారి వెళ్ళినప్పుడు ఆ గది ముందు నిలబడి సిగ్గుపడ్డాను. ఆ సిగ్గే ఈ టపాకు మూలం.

దూరపు కొండలు నునుపంటారు. మన కొండే దూరం వెళ్ళి కూర్చున్నా మనకు నునుపుగా కనబడలేదంటే, లోపం కొండలో లేదు, చూపులో ఉంది.

ఇంతకూ అక్కడ ఏముంది? 33ఎ అనే గదిలో, అద్దాల గోడ వెనుక, అమరావతి మహాచైత్యపు పాలరాతి రంగు పలకలు ఉన్నాయి. మ్యూజియం వద్ద ఉన్నవి మొత్తం 120 దాకా. వాటిలో ఒక పలకకు రెండు వైపులా శిల్పం ఉంది. ఒకవైపు క్రీస్తుపూర్వపు పని: చెట్టు కింద ఖాళీ ఆసనం, చుట్టూ మొక్కుతున్న జనం, బుద్ధుడు మనిషి రూపంలో లేడు. మూడు శతాబ్దాలు గడిచాక అదే రాతిని తిప్పి రెండోవైపు చెక్కారు. అక్కడ స్తూపమంతా ప్రాకారంతో, సింహాలతో, పూలదండలతో కళ్ళకు కడుతుంది. దాని వాకిట బుద్ధుడు మానవాకృతిలో నిలబడి ఉన్నాడు. దేవుణ్ణి చూపకుండా చెప్పిన కాలం ఒక పక్క, చూపి చెప్పిన కాలం ఒక పక్క. ఒక మతం, ఒక కళ నడిచివచ్చిన దారి మూరెడు మందం లేని రాతిలో ఇమిడిపోయింది. దీన్ని చూడకుండా చక్రం ఎక్కి నది చూశామని చెప్పుకోవడం గొప్పా?

ఇక ఈ చైత్యాన్ని కట్టించింది ఒక్క రాజు కాదు. వర్తకులు, గృహిణులు, భిక్షుణులు తలా ఒక రాయి ఇచ్చి, దాని మీద ప్రాకృతంలో తమ పేరు చెక్కించుకున్నారు. తోలుపని చేసుకునే విధికుడు తన కుటుంబంతో కలిసి పూర్ణకుంభమున్న పలకను దానమిచ్చాడు. 2018లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం అధికారచిహ్నంలో నిలుపుకొన్న పూర్ణఘటం అదే. కార్యాలయాల్లో మనం తలవంచి పుచ్చుకునే కాగితాల నెత్తిన ఉన్నది ఒక చర్మకారుడి కానుక. మన రాళ్ళే కదా అని తీసిపారేసేవారు ఈ సంగతి ఒక్కసారి తలచుకోవాలి.

ఇక్కడ దేశభక్తులు లేస్తారు. "వాళ్ళు దోచుకుపోయిన సొత్తును వాళ్ళ ఇంటికే పోయి చూసి మురవాలా? ముందు తిరిగి ఇమ్మనండి!" అంటారు. అడగడం తప్పని నేననను. కాని అడిగేవాడికి చరిత్ర తెలియాలి. 18వ శతాబ్దం చివర వాసిరెడ్డి వెంకటాద్రినాయుడుగారు అమరావతిలో కొత్త పట్టణం కట్టిస్తున్నప్పుడు ఆ దిబ్బను తవ్వి రాళ్ళు పట్టుకెళ్ళింది మనవాళ్ళే. శిల్పాలను కాల్చి సున్నం చేసుకున్నదీ మనవాళ్ళే. కాలిన్ మెకంజీ 1816లో మళ్ళీ వచ్చి బొమ్మలు గీయించకపోతే, కొన్ని పలకల రూపమైనా మిగిలేది కాదు. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించిన రాళ్ళు మదరాసులో ఏళ్ళ తరబడి ఎండకు ఎండి, వానకు తడిశాయి. 1859లో ఓడ ఎక్కి లండన్ చేరాక దొరలు మాత్రం ఏం గౌరవించారు? బండ్లు పెట్టుకునే కొట్టంలో పడేశారు. ఫెర్గుసన్ అనే పండితుడు అక్కడ వాటిని గుర్తించి గ్రంథం రాశాడు. 1880లో అవి బ్రిటిష్ మ్యూజియానికి చేరాయి. వాటికంటూ తగిన గది ఏర్పడింది 1992లో. అంటే ఈ పాపంలో రెండు దేశాలకూ వాటా ఉంది. మన వాటా దాచుకొని వాళ్ళ వాటా మాత్రమే లెక్కించడం న్యాయం కాదు.

పైగా ఈ దేశభక్తులే టవర్ కోటలో వరుసకట్టి, కదిలే పట్టీ మీద నిలబడి, కిరీటంలోని కోహినూరును కొన్ని క్షణాలు చూసి కన్నీరు పెట్టుకుంటారు. అది కృష్ణాతీరంలో దొరికిందని చెప్పుకొని గర్విస్తారు. ఆ కృష్ణాతీరంలోనే పుట్టిన అమరావతి రాళ్ళ కోసం ఆ కన్నీటిలో ఒక్క చుక్క ఎందుకు రాలదు? వజ్రం ధర తెలుసు గనుక. రాతికి ధర చెప్పినవాడు లేడు గనుక. పోయిన వస్తువు మీద ప్రేమ వేరు, దాని ఖరీదు మీద ప్రేమ వేరు. పేరైనా అడగని వస్తువును తిరిగి ఇమ్మనే హక్కు మనకెక్కడిది?

"సెలవులకు పోయినవాళ్ళకు ఈ పాఠాలెందుకు?" అని మరొక ఆక్షేపణ. మోకాళ్ళ నొప్పుల మనుషులం, నాకూ తెలుసు. కాని గంటసేపు వరుసలో నిలబడి, డబ్బిచ్చి చక్రం ఎక్కడానికి అడ్డురాని మోకాళ్ళు ఇక్కడే ఎందుకు అడ్డువస్తాయి? బ్రిటిష్ మ్యూజియం సాధారణ ప్రవేశానికి రుసుము లేదు. ఆ గది ఏ వేళల్లో తెరిచి ఉంటుందో ముందు కనుక్కొని వెళితే చాలు. మిగతావి చూడవద్దని నేననను; వాటితో పాటు ఒక పూట దీనికీ కేటాయించమంటున్నాను.

ఇక కెన్సల్ గ్రీన్. పాతాళరైలు దిగి కొద్దిదూరం నడిస్తే వస్తుంది. 1833లో తెరిచిన పెద్ద శ్మశానవాటిక. సమాధులు లెక్కకు మిక్కిలి. మా అమ్మాయి, నేను దారి తప్పి, అక్కడి ఉద్యోగిని అడిగి కనుక్కున్నాం. 1820లో కడపకు వచ్చి, తాళపత్రాలు కొని, పండితులకు జీతాలిచ్చి ప్రతులు రాయించి, 1829లో వేమన పద్యాలు అచ్చువేయించి, నిఘంటువు కూర్చిన మనిషి 1884లో లండన్‌లో కన్నుమూసి అక్కడ నిద్రిస్తున్నాడు. మన రాళ్ళు తీసుకుపోయిన జాతిలోనే మన తాటాకులు కాపాడినవాడూ పుట్టాడు. ఈ రెండు నిజాలనూ ఒకే నగరంలో, ఒకే రోజున చూడవచ్చు. లండన్‌లో తెలుగువాడు చూడదగినది ఇంతకన్న ఏముంది?

చివరగా నా మీద నేనే వేసుకున్న ప్రశ్న. లండన్ దాకా ఎందుకు? అమరావతి శిల్పాలలో పెద్ద భాగం చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో ఉంది. నేను పెళ్ళిళ్ళకనీ, ఆసుపత్రికనీ ఎన్నోసార్లు చెన్నై వెళ్ళి, ఎగ్మూరు స్టేషనులో రైలు దిగి కూడా ఆ మెట్లు ఎక్కలేదు. లండన్ నుంచి తిరిగివచ్చాకే వెళ్ళాను. ఆ తరువాతే అమరావతికి వెళ్ళి, మిగిలిన దిబ్బ చుట్టూ ప్రదక్షిణం చేశాను. పెరటి చెట్టు మందుకు పనికిరాదన్న సామెతను బళ్ళో వందసార్లు వివరించినవాణ్ణి, దాని అర్థం వేల కిలోమీటర్ల అవతల నేర్చుకున్నాను.

నా విద్యార్థి ఈ వారమే విమానం ఎక్కుతున్నాడు. నేను రాసిన రెండు పంక్తులు వాడి కాగితం అడుగున ఇంకా ఉన్నాయో, కొట్టేశాడో తెలియదు. విభేదించే మిత్రులు వ్యాఖ్యలలో నిస్సంకోచంగా వాదించండి. అయితే ఒక్క షరతు: వాదనకు ముందు ఆ రాళ్ళను, లండన్‌లో కాకపోతే ఎగ్మూరులోనైనా, ఒకసారి చూసి రండి.

స్వస్తి.