రంపం కొన్నం సరే, ఆకురాయి కొన్నమా?



పోయిన వారం సికింద్రాబాద్ రాణిగంజ్‌కు పోయిన. మోటరు సామాన్లకు మనోళ్లు ఎప్పుడూ పోయే బజారే. ఒక షాపుల నా ముందే ఇద్దరు రైతులు కరెంటు చైన్ రంపాలు కొన్నరు. బేరం గట్టిగనే ఆడిన్రు. గొలుసు నూనె, గుండ్రటి ఆకురాయి కూడా తీసుకోండ్రి అని షాపాయన అంటే, ‘మొద్దుబారినంక మళ్లొస్తం తియ్’ అన్నరు.

రెండేండ్ల కింద నేనూ గదే మాట అన్న. అందుకే ఇది రాస్తున్న.

మళ్లొస్తం అంటం గాని, ఒక్క గొలుసు సానకు పని విడిచిపెట్టి పట్నం ఎవరు పోతరు? నేను పోలే. మొద్దు గొలుసుతోనే ఒడ్డు మీది సర్కారు తుమ్మ కోసిన. తెగకపోతే మీదపడి ఒత్తిన. బార్ కొన పైభాగం పక్క కొమ్మకు తగిలింది, రంపం ఒక్కసారి మొహం మీదికి ఎగిరింది. ముందు గార్డుకు చెయ్యి తగిలి గొలుసు ఆగింది కాబట్టి బతికిన. మా ఇంటామె నెల రోజులు ఆ రంపాన్ని అటక మీదికెల్లి దించనియ్యలే.

పదునుంటే ప్రమాదం అనుకుంటం. నా లెక్కల మొద్దు రంపమే ఎక్కువ ప్రమాదం. పదునుంటే దాని బరువుకే అది తెగుతది. మొద్దుదైతే మనం ఒత్తాలె, ఒత్తితే పట్టు తప్పుతది, మోటరు కూడా వేడెక్కుతది. పొట్టు చూస్తే తెలుస్తది. తురిమిన కొబ్బరి లెక్క పడితే పదునున్నట్టు, పిండి లెక్క రాలితే సాన పెట్టాలె.

‘మెకానిక్ పని మనకెందుకు’ అనేటోళ్లు ఉన్నరు. మోటరు, స్విచ్చి, వైరు పాడైతే మెకానిక్ దగ్గరికే పోవాలె, నేనూ పోత. గొలుసు పని మాత్రం మనదే. ముందు ప్లగ్గు పీకాలె. స్విచ్చి బందు చేస్తే సరిపోదు, పిల్లలు ఎవరన్న నొక్కితే వేళ్లు పోతయి. చేతికి గ్లౌజులు ఏసుకోని, గొలుసు సైజుకు సరిపోయే ఆకురాయితో ప్రతి పల్లును లోపలికెల్లి బయటికి, ఒకటే దిక్కు, ఒకటే లెక్కన రుద్దాలె. చిన్న రంపాలకు మామూలుగ 4 మిల్లీమీటర్ల ఆకురాయి వస్తది, పుస్తకంల చూసి తెచ్చుకోండ్రి.

గొలుసు బిగువు కూడా చూడాలె. బార్ కింద పట్టి గుంజి విడిస్తే టక్కున అతుక్కోవాలె, చేత్తో లాగితే తిరగాలె. వేడి మీద బిగిస్తే పనైనంక కొంచెం వదులు చెయ్యాలె, చల్లారితే గొలుసు దగ్గరికి గుంజుకుంటది. నూనె డబ్బా ఎండనియ్యొద్దు. ట్రాక్టరుల తీసిన నల్లనూనె పొయ్యొద్దు, దాంట్ల మడ్డి, ఇనుప పొడి ఉంటది.

ఇంతకంటే పెద్ద భయం కరెంటుది. బోరు స్టార్టర్ డబ్బలకెల్లి ఉత్త వైర్లు గుంజి రంపం నడిపేటోళ్లను చూస్తనే ఉన్నం. రెండు ఫేజులు కలిస్తే 230 కాదు, 400 ఓల్టులు దాటుతది. ఇంకొందరు భూమిల ఇనుప రాడు కొట్టి న్యూట్రల్ అంటరు. ఆ తడి నేల మీద కాలు పెట్టేది మనమే గద. 2,000 వాట్ల రంపం 9 ఆంపుల దాక గుంజుతది. సన్న వైరు తట్టుకోదు. మూడు పిన్నుల ప్లగ్గు, దూరం పోతే 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు, ఇంట్ల 30 మిల్లీ ఆంపుల ఆర్‌సీసీబీ ఉండాలె. వానల, తడి చెట్టు మీద అసలే వద్దు. మెడల తువ్వాల తీసి పక్కన పెట్టండ్రి.

మా నాయిన దుక్కికి ముందు నాగలి కర్రు కమ్మరి దగ్గర కాల్చి సాగగొట్టిచ్చేది. మొద్దు కర్రు కట్టి ఎడ్లను సతాయించలే. మిషిన్లు వచ్చినయి గాని ఆ అలవాటు పోయింది. రంపం కొనే పైసలున్నోనికి ఆకురాయి బరువు కాదు. అదీ బరువైతే ఐదిండ్లు కలిసి ఒకటి కొనుక్కోండ్రి, ఊరికి ఒక్కడు సాన నేర్చుకున్న చాలు. నేర్పుమంటే మా ఇంటికి రండ్రి, చాయ్ తాగుకుంట చూపిస్త.