పాస్‌వర్డ్ తప్పు కాదు... దారిలో లాకు పడింది!

‘మీ పాస్‌వర్డ్ తప్పు’... తెరమీద ఈ మాట కనపడగానే అందరం చేసే పని ఒకటే. మళ్లీ కొడతాం. ఈసారి కాస్త నెమ్మదిగా, ఒక్కో అక్షరం పైకి పలుక్కుంటూ. అయినా అదే మాట! మూడోసారికి మనమీద మనకే అనుమానం మొదలవుతుంది. ‘చివర్లో 1 పెట్టానా, 2 పెట్టానా?’ అని బుర్ర గోక్కుంటాం. చాలాసార్లు తప్పు మనదే. కానీ ఒక్కోసారి పాస్‌వర్డ్ నిక్షేపంగా ఉంటుంది. తేడా అంతా తలుపు అవతల జరుగుతుంది.

అమలాపురంలో ఓ కాలేజీ ఉందనుకుందాం. పరీక్ష ఫీజు కట్టాలంటే కాలేజీ వెబ్‌సైట్లోకి పాస్‌వర్డ్ కొట్టి వెళ్లాలి. రేపే ఆఖరు తేదీ. పొద్దున్నుంచీ కొత్తపేట నుంచి, రాజోలు నుంచి పిల్లల ఫోన్లు... ‘సార్, లోపలికి వెళ్లనివ్వడం లేదు’ అని. ఆఫీసులోవాళ్ల సమాధానం ఒకటే- ‘సరిగ్గా కొట్టు బాబూ!’ ఒకరో ఇద్దరో మర్చిపోయారంటే నమ్మొచ్చు. మూడొందల మంది ఒకేరోజు కూడబలుక్కుని మర్చిపోతారా?

చేను ఎండితే ఏం చేస్తాం?

శివారు చేనుకు నీరందకపోతే కోనసీమ రైతు గట్టుమీద కూర్చుని చేనును తిట్టడు. బోదె వెంట పైకి నడుస్తాడు. బోదెలో నీళ్లున్నాయా? తూము తెరిచే ఉందా? కాలువలో మట్టం ఎంతుంది? ధవళేశ్వరం దగ్గర గోదావరి నిండుగా ఉన్నా, ఆ నీరు రాజోలు వైపు చేరాలంటే లాకులు దాటాలి, గన్నవరం అక్విడెక్టు మీదుగా వైనతేయను దాటాలి. మధ్యలో ఎక్కడ అడ్డుపడినా శివారులో కనపడేది మాత్రం ఒకటే... ఎండిన మడి.

పాస్‌వర్డ్ ప్రయాణమూ అంతే. మీరు కొట్టిన అక్షరాలు ముందు వెబ్‌సర్వర్‌కి చేరతాయి. ‘ఈ పేరుగలవాడు ఉన్నాడా? వాడి పాస్‌వర్డ్ గుర్తు ఏమిటి?’ అని సర్వర్ వెళ్లి డేటాబేస్‌ని అడుగుతుంది. అది ఇచ్చిన గుర్తుతో మీరు కొట్టినదాన్ని పోల్చి చూస్తుంది. కుదిరితే, మీకు ఆ పేజీ చూసే హక్కుందో లేదో చూసి తలుపు తీస్తుంది. రెప్పపాటులో జరిగిపోయే ఈ నాలుగు మెట్లలో ఏది జారినా మనకు కనపడేది చాలాసార్లు ఆ ఒక్క మాటే- ‘తప్పు’.

మొదటి ప్రశ్న... ఎవరికి?

అసలు పేజీయే తెరుచుకోకపోతే అది పాస్‌వర్డ్ గొడవ కాదు, దారి గొడవ. 2022 మేలో అమలాపురం అల్లర్ల తర్వాత జిల్లాలో మొబైల్ ఇంటర్నెట్ ఆపేసినప్పుడు, ఇంటి నుంచి పనిచేసే సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు సిగ్నల్ వెతుక్కుంటూ ఊళ్లు దాటి వెళ్లాల్సి వచ్చింది. ఎంత గట్టి పాస్‌వర్డ్ ఉండి ఏం లాభం, తలుపు దాకా వెళ్లే దారే లేనప్పుడు?

పేజీ వచ్చి, పాస్‌వర్డ్ దగ్గర ఆగిందా... అప్పుడు అడగాల్సింది ‘ఎందుకు?’ అని కాదు, ‘ఎవరికి?’ అని. ఒక్కరికే రాకపోతే ఆ ఒక్కరి వేలు చూడాలి. ఫోన్ కీబోర్డు మొదటి అక్షరాన్ని తనంతట తానే పెద్దది చేసేస్తుంది. ఎక్కడి నుంచో కాపీ చేసి అతికిస్తే చివర్లో కనపడని ఖాళీ ఒకటి తోడొస్తుంది. అందరికీ ఒకేసారి ఆగిపోతే సర్వర్‌కీ డేటాబేస్‌కీ మధ్య మాటల్లేవేమో చూడాలి. పాతవాళ్లు హాయిగా వెళ్తూ, ఈమధ్య పాస్‌వర్డ్ మార్చుకున్నవాళ్లే ఆగిపోతుంటే... దొంగ దొరికినట్టే. గుర్తును దాచుకునే చోటే ఏదో తేడా ఉంది.

అంకెలు చెప్పే నిజం

సర్వర్ పంపే అంకెల్లో బోలెడు సమాచారం ఉంటుంది. 401 అంటే ‘నువ్వెవరో నాకు రుజువు కాలేదు’ అని. 403 అంటే ‘నువ్వెవరైనా సరే, ఇక్కడికి అనుమతి లేదు’ అని. దీనికి పాస్‌వర్డ్ ఎన్నిసార్లు మార్చినా ఫలితం ఉండదు. 500 అంటే ‘తప్పు నీది కాదు, నాలోనే ఏదో చెడింది’ అని సర్వర్ ఒప్పుకోవడం. చిక్కల్లా సొంతంగా రాసుకున్న కొన్ని లాగిన్ పేజీలతోనే. లోపల ఏం చెడినా అవి ‘పాస్‌వర్డ్ తప్పు’ అనే చెబుతాయి. తన తప్పును ఎదుటివాడి మీదికి నెట్టడం మనుషులకే కాదు, ప్రోగ్రాములకూ అలవాటే!

అందుకే నిర్వాహకుడు ముందు తెరవాల్సింది సర్వర్ లాగ్ ఫైల్. అపాచీ సర్వర్ బయటివాడికి 401 అని ఊరుకున్నా, లాగ్‌లో మాత్రం విడమరిచి రాస్తుంది... ఆ పేరే దొరకలేదా, పేరు దొరికి పాస్‌వర్డ్ కలవలేదా అని. ఈ ఒక్క తేడాతో సగం దారి తేలిపోతుంది.

రెండు తాళాల కథ

చాలామంది మర్చిపోయేది ఒకటుంది. డేటాబేస్ గదికీ ఓ తాళం ఉంటుంది. విద్యార్థి పాస్‌వర్డ్ వేరు, సర్వర్ తాను డేటాబేస్‌లోకి వెళ్లడానికి వాడే పాస్‌వర్డ్ వేరు. మై ఎస్‌క్యూఎల్ డేటాబేస్ పేరు ఒక్కటే చూడదు, ఏ కంప్యూటర్ నుంచి వస్తున్నారో కూడా చూస్తుంది. వెబ్‌సైట్‌ను కొత్త సర్వర్‌కి మారిస్తే పేరూ పాస్‌వర్డూ పాతవే అయినా ‘నువ్వు ఆ ఊరివాడివి కాదుగా’ అని పొమ్మంటుంది. కొత్త వెర్షన్‌కి మారినప్పుడూ ఇంతే. 2018లో వచ్చిన మై ఎస్‌క్యూఎల్ 8.0 పాస్‌వర్డ్ సరిచూసే పద్ధతినే మార్చింది. దాంతో పాత ప్రోగ్రాములు కొన్ని గుమ్మంలోనే ఆగిపోయాయి.

ఇక అసలు గుర్తు సంగతి. బుద్ధిగా కట్టిన వెబ్‌సైట్ మీ పాస్‌వర్డ్‌ను ఉన్నదున్నట్టు దాచదు. దాన్ని ‘హ్యాష్’ అనే గుర్తుగా మార్చి దాస్తుంది. గానుగాడిన కొబ్బరి నూనెను మళ్లీ కాయగా మార్చలేనట్టే, హ్యాష్ నుంచి పాస్‌వర్డ్‌ను వెనక్కి తీయలేం. ఇద్దరి పాస్‌వర్డ్ ఒకటే అయినా గుర్తులు ఒకటి కాకుండా ఇందులో ‘సాల్ట్’ కలుపుతారు. అంటే ఉప్పే! కాబట్టి గుర్తులు వేర్వేరుగా ఉన్నాయని కంగారు పడక్కర్లేదు.

చూడాల్సింది గుర్తు పొడవు. బీక్రిప్ట్ పద్ధతిలో అది 60 అక్షరాలు ఉంటుంది. ఎప్పుడో పాత పద్ధతికని డేటాబేస్‌లో 40 అక్షరాల గడి కట్టి ఉంటే, కొన్ని సెట్టింగుల్లో మిగతా 20 అక్షరాలు చడీచప్పుడు లేకుండా తెగిపోతాయి. తోక తెగిన గుర్తుతో ఏ పాస్‌వర్డూ కలవదు. మన కాలేజీలో కొత్తగా పాస్‌వర్డ్ మార్చుకున్న పిల్లలే ఆగిపోతుంటే ముందు వెతకాల్సింది ఇక్కడే. గడి పెంచి, వాళ్లచేత మళ్లీ పాస్‌వర్డ్ పెట్టిస్తే గొడవ తీరిపోతుంది.

తొందరలో చేసే తప్పు

రేపే ఆఖరు తేదీ అన్న కంగారులో చేసే పనులు రెండున్నాయి. ‘హ్యాష్ తీసేసి పాస్‌వర్డ్‌లను మామూలుగానే దాచేద్దాం’ అనుకోవడం ఒకటి. ‘ఎవరేం కొడుతున్నారో కాసేపు లాగ్‌లో రాసి చూద్దాం’ అనుకోవడం రెండోది. రెండూ ప్రమాదమే!

2009లో రాక్‌యూ అనే అమెరికన్ సంస్థ డేటాబేస్‌లోకి చొరబడినవాళ్లకు 3.2 కోట్ల పాస్‌వర్డ్‌లు అచ్చంగా అక్షరాల్లోనే దొరికాయి. 2018 మేలో ట్విటర్ తన 33 కోట్ల మందికి పైగా వినియోగదారులను పాస్‌వర్డ్ మార్చుకోమని కోరింది. హ్యాష్‌గా మారకముందే పాస్‌వర్డ్‌లు లోపలి లాగ్‌లో పడుతున్నాయని ఆ సంస్థే గుర్తించింది. అవి బయటికి పొక్కిన ఆధారాల్లేవని చెప్పినా, అంత పెద్ద సంస్థకే తప్పని తలనొప్పి అది.

‘మా కాలేజీ సైట్లో దోచుకోవడానికి ఏముంది?’ అనొద్దు. ఆ పిల్లల్లో ఎంతమంది అదే పాస్‌వర్డ్‌ను మెయిల్‌కి, బ్యాంకుకి వాడుతున్నారో! కాలేజీ తలుపు తీసిన తాళంచెవే వాళ్ల నాన్న కొబ్బరి డబ్బులున్న ఖాతా తలుపూ తీస్తే?

దీనికి తేలికైన దారి ఉంది. పరీక్ష కోసమే ఓ ఉత్తుత్తి పేరు, ఉత్తుత్తి పాస్‌వర్డ్ సృష్టించుకుని, దాన్ని వెంటబెట్టుకుని ఒక్కో మెట్టూ దాటాలి. ఒకసారికి ఒకటే మార్చాలి. నాలుగు తూములూ ఒకేసారి కదిపితే నీళ్లు ఎందుకొచ్చాయో తెలీదు, రేపు ఎందుకు ఆగాయో అంతకన్నా తెలీదు. ఈలోగా ఆఖరు తేదీ దాటేలా ఉంటే గడువు రెండ్రోజులు పెంచాలి. తాళం చెడింది ఆఫీసులో అయినప్పుడు జరిమానా పిల్లలు కట్టకూడదు కదా!

ఇక మనవైపు జాగ్రత్త. ‘సరిచూస్తాం, మీ పాస్‌వర్డ్ ఫోన్లో చెప్పండి’ అని ఎవరడిగినా చెప్పొద్దు. బాగుచేసేవాడికి దాంతో పనే లేదు. మూడుసార్లు కొట్టినా రాకపోతే నాలుగోసారి కొట్టే ముందు పక్కవాళ్లను అడగండి... ‘మీకు వస్తోందా?’ అని. వాళ్లకూ రాకపోతే మిమ్మల్ని మీరు తిట్టుకోవడం మానేసి ఆఫీసుకు ఫోన్ చేయండి. ఎంతమందికి రావడం లేదో, ఎప్పట్నుంచి రావడం లేదో, తెరమీద ఏ అంకె కనపడిందో చెప్పండి. కాలువ వెంట ఎటు నడవాలో వాళ్లకు తెలిసేది ఆ మూడు ముక్కలతోనే.