పిల్లలు నడచెడి పండుగ

పరదేశమున కాపురముండు తల్లులకు ఏటేట ఒక చిక్కు తప్పదు. ఆ దేశపు జాతీయదినము వచ్చును. బడివారు పిల్లచేతికి చిన్న జెండా యొకటి యిత్తురు. పిల్ల దానిని ఇంటికి తెచ్చి, "అమ్మా, ఇది మన జెండాయేనా?" అని అడుగును. ఈ ప్రశ్నకు తడుముకొనక జవాబు చెప్పిన తల్లిని మేమింతవఱకు చూడలేదు. నార్వేదేశపు రాజధానియగు ఓస్లోనగరమున మే 17వ తేదీనాడు మేము సకుటుంబముగా చూచిన ఉత్సవమును గూర్చి ఈ మాసము వ్రాయ బూనుట ఆ ప్రశ్నవలననే.

నార్వే సుమారు 400 ఏండ్లు డెన్మార్కు రాజుల యేలుబడిలో నుండెను. నెపోలియను యుద్ధములు ముగియవచ్చిన కాలమున, 1814లో, డెన్మార్కువారు దానిని స్వీడనురాజునకు ఒప్పగించిరి. తమ్మడుగకుండ తమ దేశమును చేతులు మార్చుట నార్వేవారికి సహింపరాలేదు. ఐడ్స్‌వోల్ అనుచోట 112 మంది ప్రతినిధులు కూడి తమ రాజ్యాంగమును తామే వ్రాసికొని, మే 17న ముగించిరి. ఐనను స్వీడనుతోడి పొత్తు తప్పలేదు; అది 1905 వఱకు నిలిచెను. ఉభయదేశములకు రాజైన కార్ల్ యోహాన్‌కు ఈ పండుగ కిట్టదు. జరుపరాదని అడ్డుపెట్టెను కూడ. నేడు ఊరేగింపు సాగునది ఆయన పేరుగల రాజవీధిలోనే. చేరునది ఆయన గుఱ్ఱమునెక్కియున్న విగ్రహము గల రాజభవనపు ముంగిటికే. పాపము, ఆయన ప్రతియేటను కదలక మెదలక చూడవలసినదే!

ఆ వసంతమున మా అత్తగారు మాయొద్దకు వచ్చియుండిరి. జాతీయదినపు ఊరేగింపనగా వారికి జనవరి 26నాటి ఢిల్లీ ఉత్సవమే కన్నుల గట్టును. సైనికుల కవాతు, ఒంటెల వరుస, రాష్ట్రముల శకటములు, తలపై విమానములు, ఇవన్నియు టెలివిజనులో ఏటేట తప్పక చూచువారు. కనుక తెల్లవాఱకమునుపే లేచి పులిహోర కలిపి, వేంకటగిరి చీరపై ఉన్నిశాలువ కప్పుకొని అందఱికంటె ముందు సిద్ధమైరి. ఓస్లోలో మే మాసపు ఉదయమనగా మనకు సంక్రాంతి చలికంటె ఎక్కువే.

పిల్లను ఆమె తరగతి కూడుచోట ఉపాధ్యాయినికి అప్పగించి మేము వీధి ప్రక్కకు వచ్చి నిలువబడితిమి. ఇక్కడ తలిదండ్రులు పిల్లల వెంట నడువరు. బిడ్డను గుంపులో విడిచి, ఆ గుంపు మనముందుకు వచ్చువఱకు కాచుకొనియుండుటయే మన పని. పదిగంటలకు బయలుదేరిన ఊరేగింపు మధ్యాహ్నము దాటువఱకు సాగెను. ముందు బడి పతాకము, వెనుక బడిపిల్లలే వాయించు బాకాలు డోళ్లు, ఆ వెనుక తరగతి తరువాత తరగతి. సుమారు నూఱు పాఠశాలలవారు ఇట్లు వత్తురు. పిల్లలు గొంతు చించుకొని "హుర్రా" యని కేకవేయుటయు, ప్రక్కనున్న పెద్దలు బదులు పలుకుటయు, రాజభవనపు మేడపైనుండి రాజకుటుంబమువారు చేయూపుటయు, ఇంతే వేడుక. 1906 నుండి రాజకుటుంబము అక్కడ నిలిచి పిల్లలను చూచుచున్నది. సైన్యమన్న పేరునకు రాజరక్షకదళపు వాద్యబృందము కానవచ్చును, అంతే.

అరగంట గడచిన పిమ్మట అత్తగారు మావైపు తిరిగి, "ఏమమ్మా, సిపాయిలేరీ? ఫిరంగులేవీ?" అని అడిగిరి. "ఇక్కడ నడిచేది పిల్లలేనమ్మా" అని వారి కుమారులు చెప్పగా, "ఇందుకా ఇంత పొద్దున్నే లేచాము!" అని కొంతసేపు ముఖము చిన్నబుచ్చుకొనిరి.

వారి ముఖమును మరల వికసింపజేసినది మాప్రక్క నిలిచిన యొక వృద్ధురాలి దుస్తు. ఈ దినమున స్త్రీలును, పురుషులలో పెక్కుమందియు, బూనాద్ అను ఉన్నిదుస్తు ధరింతురు. ప్రతిసీమకు దాని రంగు, కుట్టుపని, నడికట్టు, టోపీ వేఱు. చూడగానే ఏసీమ ఆడుబిడ్డయో తెలిసికొందురు. సాధారణముగా పదునాలుగు పదునైదేండ్ల ప్రాయమున ఒకటి కుట్టించి యిత్తురు. ఆ పిదప అది బ్రదుకంతయు నుండవలసినదే. ఆ వృద్ధురాలిది తల్లి కుట్టినదట. ఒళ్లు వచ్చినకొలది రెండుమాఱులు కుట్లు విప్పి వెడల్పు చేసిరట. మేమీ మాట తెలుగున చెప్పగా అత్తగారు, "మన పరికిణీకి అడ్డమడత విప్పినట్లేనన్నమాట!" అని సంతోషించిరి. ఆమె ఱొమ్మున సన్నని బిళ్లలు వ్రేలాడు వెండిపతకముండెను. వెండి ఒంటిపై నున్నచో కొండలలోని భూతములు దరిచేరవని పూర్వము వీరు నమ్మెడివారు. పసిబిడ్డకు దిష్టిపూస కట్టు దేశమునుండి వచ్చినవారికి దీనిని వేఱుగ వివరింపనేల? ఆమె వేంకటగిరి జరీ అంచును వ్రేలితో తాకి చూచెను. వీరు వెండిబిళ్లలను తాకి చూచిరి. "గ్రాతులేరెర్ మె దాగెన్" అని ఆమె పలికెను. ఈ దినమునకు అభినందనలని దాని యర్థము. ఆనాడు తెలిసినవారును తెలియనివారును చెప్పుకొను మాట.

ఈ పండుగ ఎవరిదన్న వాదము ఈ దేశమునకు క్రొత్తగాదు. పిల్లల ఊరేగింపు 1870లో మొదలాయెను. దానికి పూనుకొన్నవారిలో ముఖ్యుడు, వారి జాతీయగీతము రచించిన బ్యోర్న్‌స్త్యెర్నె బ్యోర్న్‌సన్ కవి. అంతటి కవి పూనికతో వెడలిన ఊరేగింపులో నడచినవారందఱు మగపిల్లలే! ఆడుపిల్లలకు జెండా పట్టి నడచు భాగ్యము 1889లోగాని కలుగలేదు; వారి తల్లులు ఆ పందొమ్మిదేండ్లును కుమారులకు బట్టలు తొడిగి, కుమార్తెలను ప్రక్కన నిలుపుకొని చూచిరి. దేశమందలి స్త్రీలందఱకు వోటు 1913లో వచ్చెను. జర్మనులు దేశమును ఆక్రమించిన కాలమున ఈ ఉత్సవమే నిషిద్ధమయ్యెను. 1999లో, పాకిస్తానులో పుట్టి ఇక్కడ స్థిరపడిన రుబీనా రాణా అను నామె ఓస్లో ఉత్సవసంఘమునకు అధ్యక్షురాలు కాగా బెదిరింపులు వచ్చినవి; ఆమె వెనుదీయలేదు. మేము చూచిన వరుసలలో సోమాలియా, పాకిస్తాను, వియత్నాము, పోలెండు దేశములనుండి వచ్చినవారి బిడ్డలు లెక్కకు మిక్కిలి. వారి చేతులలోని జెండాలన్నియు ఒక్కతీరువే.

ఇక మా యింటి ప్రశ్న. ముందటి రాత్రి అత్తగారు, "మన పిల్ల ఇంకొక దేశం జెండా పట్టుకుని వీధులు తిరగడమేమిటే అమ్మాయీ?" అని అడిగియుండిరి. దీనిని చాదస్తమని కొట్టివేయుటకు మాకు మనసొప్పదు. నార్వే 2020 జనవరి 1 నుండి రెండు పౌరసత్వములకు ఒప్పుకొనుచున్నది. మన దేశము ఒప్పుకొనదు. ఇక్కడ పెరిగిన బిడ్డ యెన్నడో ఒకనాడు కాగితముమీద ఏదో యొకటి కోరుకొనవలసివచ్చును. కాని ఏడేండ్ల పిల్ల తన తరగతితో నడచుటకు ఆ కాగితముతో పనిలేదు. పిల్లలందఱు నడచుచుండగా ఆమెను మాత్రము మనయొద్ద నిలుపుకొన్నచో, 1889కి ముందు ప్రక్కన నిలిచిన ఆడుపిల్లలవలె ఆమె చూచుచుండవలె. అది మాకు సమ్మతము కాదు. "ఇది నీ బడి జెండా, మువ్వన్నెలది మన దేశపు జెండా, రెంటిలో దేనిని నేలకు తాకనీయకు" అని మాత్రము ఆమెతో చెప్పితిమి.

మా పిల్ల తరగతి రానే వచ్చెను. అత్తగారు శాలువ జాఱుచున్నను చూచుకొనక చేయి పైకెత్తి ఊపిరి. తిరిగి వచ్చునపుడు రైలులో కూర్చుండి, తమ చిన్ననాట ఆగస్టు 15నాడు తెల్లవాఱుజామున బడిపిల్లలమెల్ల ప్రభాతభేరిగా ఊరంతయు తిరిగెడివారమనియు, చివర చేతికి రెండు పిప్పరమెంటు బిళ్లలు పెట్టెడివారనియు చెప్పిరి. "మా ఊళ్లోనూ నడిచింది పిల్లలమే. సిపాయిలు ఢిల్లీలోనే కదూ!" అనిరి. పులిహోర అప్పటికి చల్లబడినది. ఐస్‌క్రీము తిన్న పిల్ల దానిని ముట్టనేలేదు.

వచ్చు ఏడు తానును ఒక బూనాద్ వంటిదే, అనగా పట్టుపరికిణీ, కట్టుకొని నడచెదనని మా అమ్మాయి ఇప్పటినుండి పట్టుబట్టుచున్నది. వారి మామ్మగారు వేంకటగిరి జరీ అంచు పంపెదనని మాట యిచ్చి వెళ్లిరి. పరికిణీ లోపల ఉన్ని లాగు తొడుగుకొనుటకు మాత్రము అమ్మాయి ఇంకను ఒప్పుకొనలేదు.